నేల మీద పడుకుని చూసిన కప్పు

మొన్న మోకాలి నొప్పికని ఎల్‌బీ నగర్‌లో కొత్తగా తెరిచిన ఫిజియోథెరపీ కేంద్రానికి వెళ్ళి, అక్కడి మంచం మీద వెల్లకిలా పడుకుని పైకి చూద్దును కదా, ఎనిమిది కోణాల తెల్లని నక్షత్రాలు ఒకదానిలోంచి ఒకటి పుట్టినట్టు కప్పంతా అల్లుకుని కనిపించాయి. చేతులు మారిన ఆ ఇంటిని గుమ్మంలో గుర్తుపట్టలేదు గాని, ఆ కప్పు మా ఆయనా నేనూ చేసినదే.

అప్పటికి మేము పోచంపల్లి వైపు ఊరు విడిచి దిల్‌సుఖ్‌నగర్‌లో కిరాయికి దిగి ఎన్నాళ్ళో కాలేదు. మగ్గం వదిలి ప్లాస్టర్ పనిలో పడ్డాడని మా మామగారు కొడుకుతో మాట్లాడడం మానేశారు. ఆ రోజుల్లోనే, కోస్తా నుంచి వచ్చి స్థిరపడిన ఒక టీచరమ్మ, స్పెయిన్ దేశంలో ఒకప్పటి ముస్లిం రాజులు కట్టించిన మూరిష్ భవనాల బొమ్మ చూపించి, తన ముందుగదికి అలాంటి కప్పు కావాలంది. మా ఆయన సొంతంగా ఒప్పుకున్న మొదటి పని అది. పెరట్లో నేను కలిపి అచ్చుల్లో పోసిన ప్లాస్టర్, గట్టిపడేటప్పుడు పసిపిల్ల ఒళ్ళులా వెచ్చబడేది. ఆ వెచ్చదనం ఇప్పటికీ నా అరచేతుల్లో ఉన్నట్టే ఉంటుంది.

పని చివరికొచ్చినప్పుడు మామగారికి నేనే కబురు పెట్టాను, వస్తారన్న ఆశ లేకుండానే. మా ఆయన కర్రల మంచె మీద నిలబడి ఆఖరి నక్షత్రాన్ని రెండు చేతులతో కప్పుకు అదిమి పట్టుకుని ఉండగా, బస్సు దిగి, భుజాన తువ్వాలుతో మామగారు లోపలికి వచ్చారు. కాసేపు తలెత్తి చూసి, మెడ పట్టేసిందేమో, తువ్వాలు పరిచి నేల మీదే పడుకున్నారు. కిటికీ వెలుతురు జరిగేకొద్దీ పైన నక్షత్రాలు మెల్లగా ఈదుతున్నట్టున్నాయి.

“ఏందిరా, మగ్గం ఇడిసిపెట్టినవనుకున్న. చీర మీద నేసేటివన్ని పైకెక్కిచ్చినవా?”

మా ఆయన వెనక్కి తిరుగుదామంటే ప్లాస్టర్ ఇంకా పట్టుకోలేదు.

“కదలకు. అది పట్టుకునేదాక కదలకురా. నేనేడికి పోతలేను.”

టీ తెచ్చిన టీచరమ్మ, “అయ్యో, పెద్దాయన నేల మీద పడుకున్నారేంటండీ?” అని కంగారుపడితే, నేను ఆ టీ అందుకుని మామగారి పక్కన పెట్టాను. ఆ సాయంత్రం తండ్రీకొడుకులు మా గదిలో పక్కపక్కన కూర్చుని అన్నం తిన్నారు.

ఇప్పుడు మిషన్‌తో కోసిన పలకలు పొద్దున తెచ్చి, సాయంత్రానికి బిగించి వెళ్ళిపోతున్నారు. పని శుభ్రంగానే ఉంటుంది, వంక పెట్టను. కాని కొడుకు పని చూడడానికి బస్సెక్కి వచ్చి, పరాయి ఇంట్లో నేల మీద పడుకుని అంతసేపు పైకి చూసే తండ్రులు ఇంకా ఎక్కడైనా ఉన్నారా అనిపిస్తుంది.