కమిటీలో బున్‌మా పేరు

మా తాలూకా ఆసుపత్రి వంటగదిలో ఇరవై రెండేళ్లుగా గంజి కాస్తున్న బువాలై పెద్దమ్మకి సర్కారు బడ్జెట్ సంగతి మా డాక్టరమ్మకంటే బాగా తెలుసు. నేను వెటకారానికి అనడం లేదు. అక్కడే నర్సుగా పనిచేస్తూ కళ్లారా చూశాను.

"మంచాలిస్తారమ్మాయ్, మంచాలు వేసే గది ఇవ్వరు. అది మనమే కట్టుకోవాలి" అనేది పెద్దమ్మ. మా కాన్పుల గది, వరండా, మందుల కొట్టు అన్నీ ఆవిడ ముందు నిలబడి చేయించిన ఫాపా చందాల పండగలతో లేచినవే. ఫాపా రోజున ఊరంతా కలిసి వెదురు కొమ్మలకి నోట్లు ఆకుల్లా గుచ్చి, డోళ్లతో ఊరేగించి బౌద్ధ భిక్షువు చేతిలో పెడతాం. ఆయన దీవించి ఆసుపత్రికి అప్పగిస్తాడు. దానికి నెల ముందే ఇంటింటికీ చందా కవర్లు పంచుతాం. కవరుతో పాటు కమిటీ పేర్ల కాగితం ఉంటుంది. అందులో పేరు పడ్డవాళ్లు తామూ ఇవ్వాలి, పదిమంది దగ్గరా అడిగి తేవాలి. తప్పించుకుంటే ఊళ్లో తలెత్తుకోలేరు.

ఆ ఏడాది నాలుగు డయాలసిస్ యంత్రాలు ఇస్తామని పైనుంచి కబురొచ్చింది. వానలు పడేలోపు గది సిద్ధంగా లేకపోతే అవి పక్క తాలూకాకి వెళ్లిపోతాయి. గది కట్టడానికి మాత్రం ఒక్క బాత్ డబ్బు కూడా ఇవ్వరు. ఆ కాగితం చదివి నాకు ఒళ్లు మండింది. పెద్దమ్మ మాత్రం చేతులు తుడుచుకుని అచ్చాఫీసుకి బయల్దేరింది.

ఆవిడ తొందరకి కారణముంది. భర్త ఖంపన్‌కి రెండు కిడ్నీలూ పోయాయి. వారానికి మూడుసార్లు వ్యానులో పట్నం వెళ్లాలి. పోను రెండు గంటలు, రాను రెండు గంటలు. తోడుగా అదే జబ్బున్న వెనక వీధి బున్‌మా వెళ్లేవాడు. కిటికీ పక్క సీటు కోసం ఇద్దరూ చిన్నపిల్లల్లా పోట్లాడుకునేవారు. ప్రతిసారీ బున్‌మాదే గెలుపు. మూడు నెలల కిందట తిరిగొస్తూ బున్‌మా కిటికీకి తల ఆనించి కళ్లు మూసుకున్నాడు. నిద్రనుకుని ఖంపన్ కదిలించలేదు. ఇంటి ముందు వ్యాను ఆగాక భుజం తట్టినా లేవలేదు. ఆనాటి నుంచి ఖంపన్ వ్యాను ఎక్కడానికే మొరాయించేవాడు, ప్రతిసారీ పెద్దమ్మ బతిమాలి ఎక్కించేది.

రెండు వేల కవర్లు పంచాక గానీ పెద్దమ్మ చేసిన పొరపాటు బయటపడలేదు. నిరుడు గుడి కప్పుకి చేసిన ఫాపా పేర్ల కాగితాన్నే అచ్చుకిచ్చింది. కమిటీలో ఏడో పేరు బున్‌మాది. బతికున్నవాళ్ల మధ్య చచ్చిపోయినవాడి పేరు! కీడని కొందరు, పోయినవాణ్ణి అవమానించడమని కొందరు గుసగుసలాడారు. కవర్లు ఖాళీగా తిరిగి రావడం మొదలైంది.

"గది పోయిందమ్మాయ్. నా చేతులతో నేనే పోగొట్టాను" అని పెద్దమ్మ గంజి కుండ ముందు కూలబడింది. ఆవిడ అలా కూర్చోవడం నేనెప్పుడూ చూడలేదు. నాకు భయమేసింది.

మర్నాడు అరటిపళ్ల గెల మోసుకుని, బున్‌మా భార్య కేసోన్‌కి క్షమాపణ చెప్పుకోవడానికి ఇద్దరం వెళ్లాం. ఇల్లు తాళం వేసుంది. సంతలో, చేపలమ్మే చోట దొరికిందావిడ. చేతిలో ఫాపా కవర్ల కట్ట. ఒక చేపలావిడతో గట్టిగా బేరమాడుతోంది.

"ఇరవయ్యేంటే, సిగ్గులేదూ? మా ఆయన నీ దగ్గర ఎన్ని చేపలు కొన్నాడు? వంద తియ్యి."

పెద్దమ్మ అరటి గెల ఆవిడ ముందుకి చాపింది. "వదినా, తప్పయిపోయింది..." అంది.

"ఆ పేరు చూసి ముందు ఏడ్చాను. తర్వాత నిన్ను తిట్టుకున్నాను, బాగానే తిట్టుకున్నాలే" అంది కేసోన్. "కమిటీలో పేరు పడ్డాక పని చెయ్యకపోతే ఆయన పరువేం కాను? ఆయన రాలేడుగా, నేనొచ్చాను. ఆ పళ్లు ఇలా ఇచ్చి నువ్వూ రెండు కవర్లు పట్టుకో."

ఈ మాట సాయంత్రానికి నాలుగు ఊళ్లు తిరిగింది. మర్నాటి నుంచి వంటగది ముందు జనం. మా నాన్న పేరు వెయ్యి, మా అత్త పేరు వెయ్యి, పట్నం దారిలో పోయిన మా తమ్ముడి పేరు వెయ్యి అని. పెద్దమ్మ కాగితం మళ్లీ అచ్చు వేయించింది. ఈసారి కమిటీలో పోయినవాళ్లే ఎక్కువ. వాళ్ల తరఫున కవర్లు పట్టుకుని తిరిగినవాళ్లు ఇంకా ఎక్కువ.

మొదటి వాన పడేసరికి గదికి రంగులు కూడా ఆరిపోయాయి. కిటికీ పక్కనున్న స్తంభం మీద పోయినవాళ్ల పేర్లు రాయించాం. అందరికంటే పైన బున్‌మా పేరు.

మొదటి రోజు ఖంపన్‌ని పెద్దమ్మే చెయ్యి పట్టుకుని తెచ్చింది. "వెళ్లు, నీకెప్పుడూ కిటికీయే కావాలిగా" అంది.

ఆయన స్తంభం వైపు చూసి, "ఇక్కడా కిటికీ పక్కన వీడే చేరాడు" అని గొణిగి, ఆ పక్క కుర్చీలో కూర్చున్నాడు.

నాలుగు గంటలకి యంత్రం ఆగింది. ఖంపన్ స్తంభానికి తల ఆనించి కళ్లు మూసుకుని ఉన్నాడు. గంజి గిన్నెతో వచ్చిన పెద్దమ్మ గుమ్మంలోనే ఆగిపోయింది. నేను వెళ్లి భుజం తట్టాను.

"అప్పుడే అయిపోయిందా?" అన్నాడాయన కళ్లు నులుముకుంటూ.

పెద్దమ్మ గిన్నె కింద పెట్టి చాలాసేపు ఏడ్చింది. తర్వాత ఇద్దరూ ఇంటికి నడిచి వెళ్లారు. పది నిమిషాల దూరం.