గ్లౌజులు లేని లైన్‌మన్

ఈరోజు పొద్దున ఎనిమిదింటికి పోయిన కరెంటు మధ్యాహ్నం దాకా రాలేదు. సిరిసిల్లలో మా వీధి మరమగ్గాల సాంచాలన్నీ ఆగిపోయి, నేసేవాళ్లంతా గడపల్లో కూర్చున్నారు. లైన్ల పని ప్రైవేటు కాంట్రాక్టర్‌కు ఇచ్చినప్పటి నుంచి ఇదే తంతు. చివరికి లైన్‌మన్ వచ్చాడంటే గట్టిగా అడుగుదామని వెళ్లాను. అతను స్తంభం ఎక్కబోతున్నాడు. చేతులకు ఏమీ లేవు.

“గ్లౌజులేవి తమ్మీ?” అన్నాను.

“కాంట్రాక్టర్ ఇస్త ఇస్త అంటుండు అన్నా, ఏడాది అయితుంది. కరెంటు ఆఫీసుల అడిగితే నువ్వు మా మనిషివి కాదంటరు. ఫ్యూజులు తీసిన, జర ట్రాన్స్‌ఫార్మర్ కాడ నిలబడు. నేను దిగేదాంక ఎవ్వల్నీ చెయ్యి పెట్టనియ్యకు.”

అరగంట ఎండలో కాపలా ఉన్నాను. ఇంకెంతసేపని అరుస్తూ వచ్చిన ఇద్దరిని నేనే వెనక్కి పంపాను. అతను దిగి ఫ్యూజులు పెట్టగానే వీధంతా మోత మొదలైంది. మంచినీళ్లు తాగి, ఇంకో మూడు చోట్ల పని ఉందంటూ బండెక్కాడు. అక్కడ కాపలా ఎవరుంటారో మరి.

కరెంటు పోతే ఏ నంబరుకు ఫోన్ చేయాలో మనందరికీ తెలుసు. ఆ మనిషికి ఏమైనా అయితే ఎవరికి చేయాలి? తెలిసినవాళ్లు కింద రాయండి.