నిప్పురవ్వ కోసం ప్రార్థన

ఆ రోజుల్లో నాకు రెండు గట్టి నమ్మకాలు ఉండేవి. ఒకటి, సెల్‌ఫోన్ల గురించి తెలుగులో నాకంటే బాగా రాసేవాడు పెన్నకు ఇటు గానీ అటు గానీ లేడని. రెండోది, నేను రాసినదాని కింద ఎవరైనా అడ్డంగా కామెంటు పెడితే వాళ్లకు జవాబు చెప్పకుండా అన్నం తినడం పిరికితనమని. ఈ రెండో నమ్మకం వల్ల మా ఇంట్లో చాలా అన్నం చల్లారిపోయింది. ఆ వయసులో మనిషికి జ్వరమొస్తే రెండు రోజులకు తగ్గుతుంది గానీ అభిప్రాయం వస్తే తగ్గదు. పైగా నాది జీతమిచ్చి మరీ అభిప్రాయాలు రాయించుకునే ఉద్యోగమాయె, ఇంకేం కావాలి.

ఉద్యోగమంటే మరీ పెద్దదేం కాదు. నెల్లూరులో ఒక జిరాక్స్ షాపు పైన గదిలో నడిచే వెబ్‌సైటు. సినిమాలు, రాజకీయాలు, రాశిఫలాలు, సెల్‌ఫోన్లు, అన్నీ ఆ గదిలోంచే పుట్టేవి. మా ఎడిటర్ని మేం బ్రేకింగన్న అనేవాళ్లం. ఏ వార్త ముందయినా ఆ మాట తగిలిస్తే గానీ ఆయనకు ప్రాణం కుదుటపడదు. ఫలానా కంపెనీ ఛార్జరు రంగు మార్చిందన్నా బ్రేకింగే. ఇక రివ్యూలు రాసే పద్ధతి ఎలా ఉండేదంటే, కంపెనీవాళ్లు ఇంగ్లీషులో ఒక ప్రకటన పంపేవాళ్లు. దాన్ని తెలుగులోకి దించి, పైన ‘దుమ్ము రేపే’ అనో ‘అదరగొట్టే’ అనో ఒక ముక్క అతికించి, కింద మా పేరు వేసుకుంటే అదే రివ్యూ. ఫోను మొహం చూసిన పాపాన పోయేవాళ్లం కాదు (పెళ్లి పత్రిక చదివి భోజనాలు బ్రహ్మాండం అన్నట్టు). నేను మాత్రం ఆ బాపతు కాదని నా గర్వం. తెలిసినవాళ్ల సెల్ షాపులో కూర్చుని, కొత్తగా వచ్చిన ఒక ఫోన్ని చేతిలోకి తీసుకుని, గంటకు పైగా ఆపకుండా వీడియో తీసి మరీ రాశాను. ‘ఎంతసేపు వీడియో తీసినా చల్లగా ఉండే ఫోన్’ అని శీర్షిక. దాన్ని చదివినంతమంది అంతకుముందు మా సైటులో దేన్నీ చదవలేదు. నేను కొన్నాళ్లు నేల మీద నడవలేదు.

కోవూరులో మా అమ్మ అయితే కనబడినవాళ్లకల్లా “మా అబ్బయ్య పేపర్లో రాస్తుండాడు” అని చెప్పుకునేది. పేపరు కాదమ్మా, ఫోన్లో వస్తుంది అంటే, “ఇంకా మంచిదే గదరా. పేపరైతే కొన్నోళ్లే చూస్తారు” అనేది. అమ్మ చెప్పిన ఆ ఒక్క ముక్కా నేను ఎక్కడికి వెళ్లినా నా పేరుతో చెప్పుకున్నాను.

సరిగ్గా అప్పుడు దిగాడు నిప్పురవ్వ. అసలు పేరు ఎవరికీ తెలియదు, కామెంట్లలో పెట్టుకున్న పేరు అది, ఫొటో స్థానంలో ఒక అగ్గిపుల్ల బొమ్మ. మొదటి కామెంటే ఇలా ఉంది: ‘నాయనా పండితుడా, ఈ ఫోన్ని చేత్తో పట్టుకున్నావా, కలలో పట్టుకున్నావా? పావుగంట వీడియో తీస్తే ఇది ఫోను కాదు, ఇస్త్రీ పెట్టె.’ నేను ఊరుకుంటానా. ‘కొనలేనివాళ్లకు అన్నీ వేడిగానే అనిపిస్తాయి’ అని రాశాను. ‘కొన్నాను కాబట్టే కాలింది నాయనా’ అన్నాడు. ‘ముందు ఫోను వాడటం నేర్చుకోండి’ అన్నాను. ‘ముందు నువ్వు చూసి రాయడం నేర్చుకో. విలేకరి అంటే కంపెనీ ఇంటి చిలక కాదు’ అన్నాడు. చిలక అన్న మాట నాకు గుండెల్లో గుచ్చుకుంది. అక్కడినుంచి పొద్దున లేచి మొహం కడుక్కోకముందే అతనేం రాశాడో చూసేవాణ్ణి. నేను ఏ ఫోన్ గురించి రాసినా కింద అగ్గిపుల్ల సిద్ధం. పైగా ఊరికే తిట్టి పోయే రకం కాదు. మూడో పేరాలో ఇలా అన్నావు, చివరి పేరాలో అలా అన్నావు, ఏది నిజం అని నిలదీసేవాడు. చూసేవాళ్లు రెండు పార్టీలయ్యారు. ఎవరో ఒకాయన ‘ఇద్దరూ మైపాడు బీచికి వచ్చి తేల్చుకోండి, మేం పల్లీలు కొనుక్కుని వస్తాం’ అని రాశాడు. దానికి నా రివ్యూలకంటే ఎక్కువ లైకులు వచ్చాయి.

బ్రేకింగన్న మొదట్లో చేతులు రుద్దుకున్నాడు, గొడవ ఉంటే జనం వస్తారని. తర్వాత కంపెనీ వాళ్లు ఫోన్ చేసి ఏదో అన్నట్టున్నారు, మొహం మారింది. నన్ను పిలిచి, “ఆ నిప్పురవ్వగాడు ఎవడో సోమవారానికల్లా కనిపెట్టు. పేరూ ఊరూ ఫొటో వేసి బ్రేకింగ్ కొడదాం. లేదంటే ఫోన్ల సెక్షను నీకుండదు, ఇంకొకరికి ఇచ్చేస్తా” అన్నాడు. ఫోన్ల సెక్షను పోతే ఇక నేను ఆ గదిలో ఉన్నా ఒకటే, కింద జిరాక్స్ తీసినా ఒకటే అనిపించింది.

ఆ శనివారం ఇంటికెళ్లి కంచం ముందు కూర్చుంటే ముద్ద దిగలేదు. అమ్మ నిలదీసింది. “నిప్పురవ్వ అని ఒకడు నన్ను వదలడం లేదమ్మా, వాడి వల్ల నా పని పోయేలా ఉంది” అన్నాను. “నిప్పురవ్వా? అది అమ్మానాయనా పెట్టిన పేరేనంటరా?” అంది. కాదులే అన్నాను. “పేరే అట్టా పెట్టుకున్నోడు ఊరికే యాడుంటాడు. రేపు నాతో గుడికి రా” అంది. మేం చర్చిని గుడి అనే అంటాం. ఉద్యోగంలో చేరాక, ఆదివారం కూడా పనుందని చెప్పి, నేను ఆ వైపు వెళ్లడమే మానేశాను. అమ్మ ఆ లెక్క కూడా ఇందులోనే తేల్చుకుందామనుకున్నట్టుంది.

మా సంఘంలో ఒక అలవాటుంది. వాక్యానికి (అయ్యగారి ప్రసంగాన్ని మేం అలా అంటాం) ముందు, ప్రార్థన కావలసినవాళ్లు లేచి నిలబడి అందరి ముందూ సంగతి చెప్పాలి. పిల్లల పరీక్షలు, మోకాళ్ల నొప్పులు, తప్పిపోయిన బర్రె, అన్నీ అలాగే వస్తాయి. అయ్యగారు (పాస్టరుగారిని మేం అలాగే పిలుస్తాం) ఒక్కొక్కరి సంగతీ ఎత్తి ప్రార్థన చేస్తారు, జనం ఆమెన్ అంటారు. మే నెల, రేకుల కప్పు, ఫ్యాన్లు వేడిగాలినే తిప్పి తిప్పి మాకు పంచుతున్నాయి. ముందు స్టాండు మీద ఒక ఫోను నిలబెట్టి, వాక్యాన్ని లైవు పెట్టడానికి సిద్ధం చేస్తున్నారు. చూస్తే నేను రివ్యూ రాసిన ఫోనే. ఛాతీ రెండంగుళాలు పొంగింది. చూశావా, దైవసేవకులు సైతం నా మాట విని కొన్నారు, ఆ నిప్పురవ్వకే తెలియలేదు నా విలువ అనుకున్నాను.

అమ్మ లేచింది. “అయ్యగారూ, మా అబ్బయ్య మీద ఫోన్లో ఒకడు పగబట్టుండాడు. పేరు నిప్పురవ్వ. వాడి మనసు మారాలని ప్రార్థన చెయ్యండి” అంది. నాకు బల్ల కింద దూరాలనిపించింది. అయ్యగారు గొంతు సవరించుకున్నారు, మెడ దగ్గర కాలరు సర్దుకున్నారు, చేతిలో పుస్తకాన్ని ఆ చేతిలోంచి ఈ చేతిలోకి మార్చుకున్నారు. “అట్టాగేనమ్మా. ఆ సహోదరుడు అంటే చాల్లే. పేరు దేవునికి తెలుసు” అన్నారు. అమ్మ కూర్చోలేదు. “దేవునికి తెలుసయ్యగారూ, మనకు గదా తెలియంది. పోయినసారి బర్రెకైనా పేరు పెట్టే చేసినారు గదా” అంది. వెనక ఎవరో కిసుక్కుమన్నారు. ఇక అయ్యగారికి దారి లేదు.

“ప్రభువా” అని మొదలుపెట్టారు. “నిప్పురవ్వ అనబడే ఆ బలహీనుడైన సహోదరుని జ్ఞాపకం చేసుకో. అతని కోపమును చల్లార్చు. అతని వేళ్లను అదుపులో ఉంచు. అయితే ప్రభువా, అతడు చెప్పే మాటలో కొంత సత్యమున్నదేమో, దానిని కూడా నీవు చూడు.” జనం ఆమెన్ అన్నారు. అమ్మ మాత్రం అనలేదు. ఒక కన్ను తెరిచి నా చెవిలో, “ఏందిరా, అయ్యగారు వాడి పక్కన మాట్లాడుతుండారు” అంది. నిజం చెప్తున్నాను, అప్పటికీ నా బుర్రకు ఏమీ తట్టలేదు. పెద్దమనిషి కదా, ఇద్దరినీ సమానంగా చూస్తున్నారనుకున్నాను.

వాక్యం మొదలైంది. అయ్యగారి వాక్యం గంటకు తక్కువ ఉండదు. చెబుతున్న బైబిలు కథ మంచి పట్టులో ఉండగా స్టాండు మీద ఫోను కూతపెట్టి, తెర నల్లబడి ఆగిపోయింది. అయ్యగారు మాట ఆపి, దిగి వెళ్లి దాన్ని పట్టుకున్నారు, పట్టుకున్న వేగంతోనే వదిలేసి చెయ్యి ఊదుకున్నారు. తర్వాత తనలో తాను అనుకున్నారు గానీ చొక్కాకు తగిలించిన చిన్న మైకు పనిచేస్తూనే ఉంది. “చూడు నాయనా పండితుడా, పావుగంటకే ఇస్త్రీ పెట్టె” అన్న మాట స్పీకర్లలోంచి రేకుల దాకా వెళ్లి తిరిగొచ్చింది. సంఘమంతా ఫోను వైపు చూసింది. నేను అయ్యగారి వైపు చూశాను. అయ్యగారు నా వైపే చూస్తున్నారు. ఆయన నల్లని మొహం కూడా ఎర్రబడగలదని నాకు ఆ రోజే తెలిసింది.

కూడిక అయ్యాక చర్చి వెనక చేతిపంపు దగ్గర దొరికారు. తడి రుమాలుతో ఫోను వీపు తుడుస్తున్నారు, జ్వరమొచ్చిన పిల్లకు తుడిచినట్టు. నేను ఏదో అనేలోపే ఆయనే అన్నారు. “ముత్తుకూరు పోర్టులో ఆదివారం డ్యూటీ పడ్డోళ్లు చూస్తారబ్బయ్యా దీన్ని. మంచం దిగలేని ఒక పెద్దామె చూస్తాది. ప్రతివారం సగంలో తెగిపోతుంటే, ఆమె నన్ను అడిగింది, నా మీద ఏమన్నా కోపమా అయ్యగారూ, నాకు మాత్రం ఆపేస్తుండారు అని. ఏం చెప్పాలి నేను?”

“నేరుగా నాకే చెప్పొచ్చు గదండీ” అన్నాను.

“నువ్వు గుడికొస్తే గదా చెప్పడానికి. కామెంటు పెడితే మాత్రం నిమిషంలో పలుకుతుండావు” అన్నారు. అన్ని నెలల్లో ఆ నిప్పురవ్వకు జవాబు చెప్పలేకపోవడం అదే మొదటిసారి.

ఫోను చేతిలోకి తీసుకున్నాను, ఇంకా చురుక్కుమంటోంది. “నేను చూసినప్పుడు నిజంగానే చల్లగా ఉందండీ. షాపులో ఏసీ ఉండింది” అన్నాను. ఆయన రేకుల కప్పు వైపు ఒకసారి, నా వైపు ఒకసారి చూసి, “ఏసీ యాడుంది నాయనా మనకు” అన్నారు. ఫోను తిరిగి తీసుకుని మళ్లీ ఆయనే, “మన పిల్లోడు రాసినాడని చెప్పి పెద్దల్ని ఒప్పించి ఇదే కొనిపించినా. నిన్ను నమ్మినా కాబట్టి కోపమొచ్చింది. నమ్మనోడి మీద ఎవరికొస్తాది కోపం?” అన్నారు. వెళ్తుంటే పిలిచి, “మీ అమ్మకు మాత్రం చెప్పమాక” అన్నారు. అమ్మకు తెలిస్తే సంఘమంతటికీ తెలిసినట్టే. మా సంఘంలో పెద్దలు కొందరు ఆయన తప్పు ఎప్పుడెప్పుడు దొరుకుతుందా అని చూస్తుంటారు. అయ్యగారు మారుపేరుతో జనాన్ని చిలకా అని తిడుతున్నారని తెలిస్తే ఊరుకోరు.

సోమవారం మెట్లెక్కగానే బ్రేకింగన్న, “దొరికినాడా?” అన్నాడు. ఒక్క పేరు చెబితే నా సెక్షను నాది. పాస్టరే నిప్పురవ్వ అంటే ఆయన ఆ వారమంతా అదే బ్రేకింగ్ కొట్టేవాడు. నోటి దాకా వచ్చింది కూడా. ఆ తడి రుమాలు కళ్ల ముందు కదిలింది. “దొరకలేదన్నా” అన్నాను. అని, వెళ్లి కూర్చుని ‘రేకుల కప్పు కింద ఈ ఫోన్ ఆగిపోతుంది, నేను ఏసీలో చూసి రాశాను’ అని కొత్త రివ్యూ రాసి, ఆయన టీకి దిగినప్పుడు పైకి ఎక్కించేశాను. మధ్యాహ్నానికి కంపెనీ నుంచి ఫోను, సాయంత్రానికి నా సెక్షను గోవిందా. బ్రేకింగన్న నన్ను తీసేయలేదు (తీసేస్తే ఆ జీతానికి ఇంకొకడు రాడని ఆయనకు తెలుసు), రాశిఫలాలకు మార్చాడు. మేషానికీ మీనానికీ తేడా తెలియని కోవూరు క్రైస్తవుణ్ణి, ఆ మర్నాటినుంచి జనానికి ధనయోగాలు పంచడం మొదలుపెట్టాను.

ఆ సంగతి విని అమ్మ చాలాసేపు నెత్తిన చెయ్యి పెట్టుకుంది. ఆదివారం మాత్రం లేచి నిలబడి, “నిప్పురవ్వ మనసు మారింది, ఈ వారం ఒక్క మాటా రాయలేదు, మా అబ్బయ్యకు ఆఫీసులో ఇంకో పని ఇచ్చినారు” అని సాక్ష్యం చెప్పింది. ఏ పని ఇచ్చారో చెప్పకుండా చటుక్కున కూర్చుంది. అందరికంటే గట్టిగా ఆమెన్ అన్నది అయ్యగారే.

తర్వాత నేను చాలా చోట్ల పనిచేశాను. మళ్లీ ఫోన్ల గురించే రాస్తున్నాను, నా పేరు ఇప్పుడు కాస్త తెలుసు. అయ్యగారు నాయుడుపేట వైపు సంఘానికి మారిపోయారు, ఆ అగ్గిపుల్ల బొమ్మ మళ్లీ కనబడలేదు. నేనేదైనా రాసి పెట్టగానే, పేజీ తెరుచుకోవడానికి పట్టేంత సమయం కూడా గడవకముందే ‘సూపర్ అన్నా’ అని వందల కామెంట్లు వస్తాయి. తిట్టేవాళ్లూ ఉన్నారు, వాళ్లు శీర్షిక చూసి తిడతారు. మూడో పేరాలో ఇలా అన్నావు, చివర అలా అన్నావు, ఏది నిజం అని అడిగేవాళ్లు లేరు. అప్పుడప్పుడు కావాలనే చివరి పేరాలో ఒక తప్పు రాసి చూస్తాను. ఎవరూ పట్టుకోరు. నవ్వుకుని, తర్వాత నేనే దిద్దుకుంటాను. నన్ను నమ్మి, చివరి మాట దాకా చదివి, అందుకే నా మీద మండిపడ్డ పాఠకుడు నా జన్మకు ఒక్కడు దొరికాడు. వాడి మనసు మార్చమని మా అమ్మ దేవుణ్ణి అడిగింది, ఆయన మార్చేశాడు.