గోస్సె పుస్తకానికి పద్నాలుగు రోజులు

మా విట్స్కె మెత్తని మనిషి అని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. పనిమంతురాలు, అబద్ధమాడదు, ఒకరి జోలికి పోదు, అన్నీ నిజమే. కానీ ఒకరి మీద కసి పెట్టుకుందంటే ముప్పై ఎనిమిదేళ్ళయినా వదలదు. నాకామె నచ్చిందే అందుకు.

చలికాలం చెరువులు గడ్డకట్టే ఫ్రీస్‌లాండ్‌లో మా ఊరి గ్రంథాలయం వెనక గదిలో శనివారం మధ్యాహ్నాలు పాడైన సామాన్లు ఉచితంగా బాగుచేస్తాం. నాది కుట్టుమిషన్ల బల్ల. పక్క బల్ల విట్స్కెది, కంప్యూటర్లు. పాల ఫ్యాక్టరీలో యంత్రాల గది చూసుకునేది, నడుం పోయి ముందే మానేసింది. ఈడ్చుకుంటూ నడిచే పాత కంప్యూటర్ తెస్తే ఫార్మాట్ కొట్టి, ఖర్చులేని లినక్స్ ఎక్కించి ఇస్తుంది. ఆమెకో పద్ధతి ఉంది. తుడిచే ముందు "ఉంచాల్సిందేమైనా ఉందా?" అని మూడుసార్లు అడుగుతుంది. మూడుసార్లూ లేదన్నా సరే, మొత్తం తన నల్ల డిస్కులోకి కాపీ చేసి పద్నాలుగు రోజులు ఉంచుతుంది. మావాళ్ళ సంగతి ఆమెకు తెలుసు. అడిగినప్పుడు అన్నీ చూసుకున్నాం అంటారు, ఇంటికెళ్ళి ఏడుస్తారు. పద్నాలుగో రోజు నాలుగింటికి, బల్ల సర్దే వేళకు ఆ కాపీ కూడా మళ్ళీ రాబట్టలేకుండా తుడిచేస్తుంది. పరాయివాళ్ళ బతుకు మన దగ్గర ఉండకూడదంటుంది.

మొన్న అక్టోబరులో గోస్సె తన కంప్యూటర్ చంకన పెట్టుకుని వచ్చాడు. ఎనభై నాలుగేళ్ళు, ఇప్పటికీ నిటారుగా నడుస్తాడు. మా స్కేటింగ్ సంఘానికి నలభై ఏళ్ళు కార్యదర్శి. నీళ్ళు గట్టిగా గడ్డకట్టిన ఏడాది మా సంఘం మంచు మీద ఆరు చెరువుల స్కేటింగ్ యాత్ర పెడుతుంది. ఒక్కో చెరువు దగ్గరా కార్డు మీద ముద్ర వేయించుకోవాలి. ఆరో ముద్ర సాయంత్రం ఐదింటిలోగా పడితే వెండి బిళ్ళ ఇస్తారు. పడకపోతే ఆ మనిషి యాత్ర చేయనట్టే లెక్క.

ఎనభై ఐదులో ఆరో ముద్ర గోస్సె చేతిలో ఉంది. విట్స్కెకు అప్పుడు ఇరవై నాలుగు. ఐదో చెరువు దాటాక మంచు విరిగి బౌకె అనేవాడు నీళ్ళలో పడ్డాడు. ముందున్నవాళ్ళెవరూ వెనక్కి చూడలేదు. విట్స్కె మంచు మీద బోర్లా పడుకుని, మెడలోని మఫ్లర్ విసిరి, వాణ్ణి పైకి లాగింది. లేచినవాడు ఒళ్ళు వేడెక్కాలని ఒకటే పరుగు తీశాడు. నాలుగు యాభై ఎనిమిదికి ముద్ర వేయించుకున్నాడు! మోకాలు చీరుకుపోయి, తడిసిన బట్టలతో విట్స్కె చేరేసరికి ఐదు దాటి రెండు నిమిషాలు. గోస్సె ముద్రపెట్టె మూసేశాడు. ఆమె ఏదో చెప్పబోయింది. "ఐదయిందమ్మాయ్," అన్నాడు.

సంఘానికి నూరేళ్ళు నిండుతున్నాయని ఈ గోస్సే పుస్తకం రాశాడు. యాత్ర పూర్తిచేసిన ప్రతివాడి పేరు, చేరిన గంటా నిమిషంతో సహా. పాత రిజిస్టర్లు ముందేసుకుని పన్నెండేళ్ళు టైపు చేశాడు. ఒక్కో రిజిస్టరు అయిపోగానే దాన్ని పాత కాగితాల బండికి వేసేశాడు. మా ఊళ్ళో అటక మీద పాతవి పేర్చుకుంటే పరువు తక్కువ. అలా ఆ పేర్లన్నీ ఆయన చంకలో ఉన్న పెట్టెలో తప్ప ఇంకెక్కడా లేవు.

"ఉంచాల్సిందేమైనా ఉందా?" అని అడిగింది విట్స్కె.

"అన్నీ ఇందులోకి లాగేశానమ్మాయ్." పెన్‌డ్రైవ్ చూపించాడు. "నాకు నేర్పక్కర్లేదు. తుడిచెయ్."

ఆమె రెండోసారి అడగలేదు. సూదిలో దారం ఎక్కిస్తున్న నా చెయ్యి ఆగిపోయింది.

ఆయన కాఫీకి వెళ్ళగానే పెన్‌డ్రైవ్ పెట్టి చూసింది. ఆరు షార్ట్‌కట్‌లు, అంతే. తెర మీద కనిపించే బొమ్మల్ని లాక్కొచ్చాడు మహానుభావుడు, అసలు ఫైళ్ళు కంప్యూటర్‌లోనే ఉండిపోయాయి. విట్స్కె పుస్తకం తెరిచి తన పేరు కొట్టి వెతికింది. ఒక్కచోటా లేదు. బౌకె పేరు కొట్టింది. ఉంది, నాలుగు యాభై ఎనిమిది.

"చూశావటే త్రీన్?" అని నా వైపు తిరిగింది. "నేనసలు ఆ రోజు మంచు మీదే లేను."

"మరి ఆయనకు చెప్పవా?"

"అడిగానుగా. తుడిచెయ్ అన్నాడుగా."

అలవాటు కొద్దీ నల్ల డిస్కులోకి కాపీ చేసింది. తర్వాత ఫార్మాట్ కొట్టింది. గోస్సె తన వాటా బిస్కెట్ ఒక్కటీ తిని, థాంక్స్ చెప్పి, పెట్టె పట్టుకుపోయాడు. నిజం చెప్తున్నా, నా కళ్ళు చల్లబడ్డాయి. ముసలాడికి తిక్క కుదిరిందనుకున్నాను.

మరుసటి శనివారం తలుపు తీసేసరికే గడపలో ఉన్నాడు. మొహంలో రక్తం లేదు.

"పుస్తకం తెరుచుకోవడం లేదు."

"తెరుచుకోదు. మీ పెన్‌డ్రైవ్‌లో ఉన్నవి ఉత్త బొమ్మలు. ఆ రోజే చూశాను, చెప్పలేదు," అంది విట్స్కె. నీళ్ళు నమలలేదు. "నా దగ్గర కాపీ ఉంది. వచ్చే శనివారం నాలుగింటిదాకా ఉంటుంది. ఎనభై ఐదో సంవత్సరం పేజీలో ఒక్క వాక్యం చేర్చండి, ఇచ్చేస్తా. విట్స్కె ఐదూ రెండుకు వచ్చింది, బౌకెను నీళ్ళలోంచి లాగి వచ్చింది. ఇందులో అబద్ధముందా?"

"లేదు."

"మరింకేం?"

"ఆలోచించుకోవాలి," అని వెళ్ళిపోయాడు.

ఆ వారమంతా ఊళ్ళో ఇదే మాట. రొట్టెల కొట్టు దగ్గర జనం రెండు జట్లయ్యారు. మూడోవంతు మంది గోస్సె వైపు ఉన్నారంటే నమ్ముతారా, సిగ్గులేని మొహాలు! ఇప్పుడు సంఘానికి అధ్యక్షుడైన బౌకె స్వయంగా విట్స్కె ఇంటికి వచ్చాడు. నేనక్కడే ఉన్నాను.

"ఎప్పటి మాట విట్స్కె, పోనిద్దూ. ఊరందరి పేర్లూ ఉన్నాయి అందులో."

"నీకేం బాబూ, నువ్వు నాలుగు యాభై ఎనిమిది."

వాడు టోపీ తీసి, మళ్ళీ పెట్టుకుని, వచ్చిన దారినే పోయాడు.

పద్నాలుగో రోజు గోస్సె మూడున్నరకు వచ్చాడు. చావులకు వేసుకునే నల్ల కోటు వేసుకున్నాడు. విట్స్కె ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. నల్ల డిస్కు వైరు ఆమె కంప్యూటర్‌కు తగిలించే ఉంది.

"రాస్తారా?"

"రాయను."

"ఎందుకని?"

"ఐదు దాటాక వచ్చినవాళ్ళు నా లెక్కలో డెబ్భైమంది. ఒకడికి కాలు విరిగింది. ఒకామె కడుపుతో ఉంది. ఎవరి కారణం వాళ్ళకుంది. నీ ఒక్కదాని పేరే ఎలా రాయను?"

"అందరివీ రాయండి. ఎవరొద్దన్నారు?"

"అప్పుడది చేరినవాళ్ళ పుస్తకం కాదు."

నాకు ఒళ్ళు మండిపోయింది. "పట్టుదల చూడండి, శవపేటికలో కూడా గడియారం పెట్టించుకునేలా ఉన్నాడు!" అన్నాను. ఇద్దరూ నా వైపు చూడలేదు.

"అయితే నాలుగింటికి తుడిచేస్తాను," అంది విట్స్కె.

"నీ పద్ధతి అదేగా."

అరగంట అలాగే కూర్చున్నారు. ఆయన కాఫీ తాగలేదు. నాలుగింటికి నిమిషం ఉందనగా విట్స్కె డిస్కులో పుస్తకం ఫైలును ఎంచుకుంది. శాశ్వతంగా తుడిచేయాలా అని తెర అడిగింది. ఆమె వేలు మీట మీద పెట్టుకుని ఆయన మొహంలోకే చూస్తోంది. ముసలాయన గోడ గడియారం వైపే చూస్తున్నాడు. రాస్తానని ఇప్పుడంటాడు, ఇప్పుడంటాడు అని నేనూ చూస్తున్నాను. ముల్లు కదిలింది. ఆమె వేలు దిగలేదు.

"నాలుగయింది," అన్నాడు గోస్సె. బల్ల మీదుగా వంగి, ఆమె వేలి మీద తన వేలు పెట్టి తనే నొక్కేశాడు.

విట్స్కె కెవ్వుమని అరిచి వైరు పీకింది. ఏం లాభం? మూడొందల పేజీలంటే ఆ యంత్రానికి రెప్పపాటు పని. మళ్ళీ గుచ్చి, వంగి వెతికింది. ఏమీ మిగల్లేదు.

గోస్సె లేచి కోటు గుండీలు పెట్టుకున్నాడు. "ఇక ఎవరూ చేరలేదు," అన్నాడు. "బౌకె చేరలేదు, నువ్వూ చేరలేదు." కర్చీఫుతో కళ్ళు ఒత్తుకుని, ఎవరి సాయం లేకుండా బయటికి నడిచాడు.

విట్స్కె ఖాళీ తెర ముందు అలాగే ఉండిపోయింది. నేను పక్కన కూర్చుని వీపు నిమిరాను. కోపంతో ఏడుస్తోందో, బాధతో ఏడుస్తోందో నాకు తెలియలేదు.

"ఒక్కసారి బతిమాలితే చాలనుకున్నానే త్రీన్," అంది. "రాయకపోయినా ఇచ్చేసేదాన్ని."