ఏలూరి వడగళ్ళు కొల్లేటికి మోసిన ప్రయాణం

నేను మూడో ఫారంలో బడి మానేశాను. లెక్కల మేష్టారికి నా మీద, నాకు లెక్కల మీద ఒకేసారి ఆశ పోయింది. అందుచేత ఈ ప్రయాణంలో నేను చెప్పే గంటలూ మైళ్ళూ కాస్త అటూ ఇటూ అయితే సర్దుకోవాలి. తక్కినదంతా నిజం. ఈ మాట ముందే ఎందుకు చెప్పుకుంటున్నానో కాసేపట్లో మీకే తెలుస్తుంది.

మా ఆవిడ రత్తాలు వేసంగికి పుట్టింటికి వెళ్ళింది. వాళ్ళ ఊరు కొల్లేటి మధ్య ఒక లంక. మా మామగారు అక్కడ చేపలు పట్టించి ఏలూరికి పంపుతారు. నేను తాడేపల్లిగూడెం బియ్యం మిల్లులో కాటా దగ్గర పని చేస్తాను. ఆవిణ్ణి తీసుకొస్తానని అప్పటికి రెండుసార్లు మాటిచ్చి రెండుసార్లూ వేళ తప్పాను. మొదటిసారి రైలు పట్టాల మీద ఏనుగు పడుకుందని చెప్పాను. రెండోసారి బస్సు డ్రైవరు దారిలో పెళ్ళిచూపులకి ఆగాడన్నాను. మా మామగారు మర్యాదస్తులు, ఎన్నడూ గొంతు పెంచరు. ఈసారి మాత్రం ఇలా కబురు చేశారు:

"అల్లుడుగారు అబద్ధం ఆడతారని నేననను. గురువారం మధ్యాహ్నం పన్నెండులోగా రమ్మనండి. ఆలస్యంగా వచ్చి మళ్ళీ ఏదైనా కథ చెప్పారో, అమ్మాయిని దసరా దాకా పంపను."

దసరా అయిదు నెలలుంది. అయిదు నెలలూ నేను వండింది నేనే తినాలి.

గురువారం అయిదు గంటల రైలుకని, మామగారికి తెస్తానన్న మామిడిపళ్ళ సంచీతో చీకటుండగానే స్టేషనుకి చేరాను. ఎదురుగా కాఫీ హోటల్లో ఇడ్డెన్లు తింటుంటే, పక్కబల్ల వాళ్ళు ఏనుగు కథ చెప్పమని బతిమాలారు. ఏనుగు పట్టాల మీద పడుకునేసరికి రైలు కూత వినిపించింది. ఏనుగు లేచేసరికి రైలు వెళ్ళిపోయింది.

తరవాతి రైలు పన్నెండున్నరకి. దాంట్లో కూర్చుని, మామగారికి ఏం చెప్పాలా అని ఏలూరు దాకా ఆలోచించాను. ఒక్క కథా తోచలేదు. రెండుగంటలకి ఏలూరులో దిగానో లేదో, ఆకాశం పెనం అడుగులా నల్లబడి, ప్లాట్‌ఫారం రేకుల మీద ఎవరో బస్తాలకొద్దీ గులకరాళ్ళు గుమ్మరించినట్టయింది. వడగళ్ళు! ఉసిరికాయంత ఒక్కొక్కటి. పావుగంటసేపు కురిసి టక్కున ఆగిపోయాయి.

బయటికొచ్చి చూస్తే రోడ్డంతా ఉప్పు కుప్ప పోసినట్టు తెల్లగా ఉంది. దాని మీదనించి పొగ లేస్తోంది. నా జన్మలో మొదటిసారి ఆలస్యానికి ఒక నిజమైన కారణం ఆకాశంలోంచి పడింది. తెల్లవారుజాము రైలు సంగతి ఎవరడుగుతారు?

స్టేషన్నించి బస్సుల దగ్గరికి మామూలుగా పదిహేను నిమిషాల నడక. ఆవేళ గంట పట్టింది. జట్కావాళ్ళెవరూ రానన్నారు. గుర్రం ఒక కాలు ఎత్తి, ఎక్కడ పెట్టాలో తెలియక, యజమాని వైపు చూస్తోంది. నేను చెప్పులు చేత్తో పట్టుకుని నడిచాను. నా ముందు నల్లకోటు ప్లీడరుగారొకరు ఉన్నట్టుండి కిందికి పోయారు.

"పడ్డారాండీ?" అన్నాడు అరుగు మీది ముసలాయన.

"లేదండీ, కాస్సేపు కూర్చున్నానండీ," అన్నారు ప్లీడరుగారు.

ఆయన్ని లేపబోయి నేనూ కూలబడ్డాను. "తమరూ కూర్చున్నారాండీ?" అన్నాడు ముసలాయన.

తివాచీలు నేసే వీధిలో ఇంటింటి ముందూ ఆరేసిన తివాచీల మీద వడగళ్ళు పరుచుకున్నాయి. నలుగురేసి మనుషులు కొసలు పట్టుకుని దులుపుతుంటే, అవి వచ్చి దారే పోయేవాళ్ళ నెత్తిన పడుతున్నాయి. కాలవ వంతెన ఏటవాలుగా ఉంది. జనం ఒకరి ఉత్తరీయం ఒకరు పట్టుకుని వరసగా దిగుతున్నారు. ముందున్నాయన జారాడు. ఆయన వెనక మేము పదకొండు మందిమి, ఎవరి పట్టు వాళ్ళు వదలకుండా, క్రమశిక్షణతో జారాం.

వంతెన కింద సోడా కొట్టు ఉంది. మామగారికి సాక్ష్యంగా వడగళ్ళే పట్టుకెళ్దామని తోచి, ఐసు నిలవ చేసే కొట్టు కనక అవి కరక్కుండా ఊక ఉంటుందని ఆగాను. మామిడిపళ్ళన్నీ కొట్టాయనకిచ్చేసి, సంచీ నిండా ఊక తీసుకుని, మధ్యలో రెండు శేర్ల వడగళ్ళు కూరాను.

"ఇంత మాత్రానికి నిలవ్వు గానండీ, పైన ఇంత ఐసు ముక్క పెడతాను, పట్టుకెళ్ళండి," అన్నాడాయన.

"వద్దండీ. మా మామగారు చేపలకి ఐసు వేసే మనిషి. ముక్క కనిపించిందంటే కొట్లో కొన్నానంటారు. గుండ్రంగా, వడగళ్ళు వడగళ్ళలాగే చేరాలి."

ఆ మాట అన్నాక నాకే ఆశ్చర్యమేసింది. మోసానికి అవకాశం ఇస్తే వద్దన్నాను!

మూడున్నర బస్సు నాలుగింటికి కదిలింది. టిక్కెట్టు ఆరణాలు. కండక్టరు చీపురుతో సీట్ల మీద వడగళ్ళు ఊడ్చి మమ్మల్ని కూర్చోబెట్టాడు. అతని నెత్తి మీద నిమ్మకాయంత బొప్పి. ఊరి చివర గట్టు ఎక్కేచోట చక్రాలు ఉన్నచోటే గిర్రున తిరిగాయి. అందరం దిగి తోశాం. బస్సు రెండడుగులు పైకెళ్ళి మూడడుగులు కిందికొచ్చింది.

"ఏవండీ, మీ సంచీలో ఊకేనా?" అన్నాడు కండక్టరు. "చక్రాల కింద పోస్తే పట్టు దొరుకుతుందండీ."

"దాంట్లో నా సంసారం ఉందయ్యా!" అన్నాను.

బస్సెడు జనం నా వైపు చూశారు. చేసేదిలేక సగం ఊక పోశాను. బస్సు ఎక్కింది, నా గుండె దిగింది. పైగా కండక్టరు తన బొప్పికని గుప్పెడు వడగళ్ళు పట్టుకెళ్ళాడు.

మూడు మైళ్ళు పోయేసరికి చుక్క తడి లేదు. దుమ్ము, ఎండ. అక్కడెక్కిన ఒక మామ్మగారు నా పక్కన కూర్చుని, సంచీ కిందనించి కారుతున్న నీళ్ళు చూసి కాళ్ళు ముడుచుకుంది.

"ఏం నాయనా, చేపలా?"

"వడగళ్ళండీ మామ్మగారూ. ఏలూరంతా తెల్లగా కురిసింది."

"చూడబోతే పెద్దమనిషిలా ఉన్నావు, ఎందుకు నాయనా ఈ మాటలు?"

ఊకలో చెయ్యి పెట్టించాను. ఆవిడ ఉలిక్కిపడి, మరుక్షణం రెండు దోసిళ్ళు తీసి చెమటకాయల మీద రుద్దుకుంది. తరవాత వెనక సీటువాళ్ళు రుచి చూస్తామన్నారు. అవతలి సీటువాళ్ళు, వెనకవాళ్ళు తిన్నప్పుడు మేమేం పాపం చేశామన్నారు. నన్ను నమ్మినవాళ్ళందరూ నా సాక్ష్యం తినేశారు.

అయిదున్నరకి కొల్లేటి ఒడ్డున బస్సు ఆగింది. అక్కణ్ణించి తాటిదోనె. వేసంగి కనక నీళ్ళు మోకాలి లోతే, గెడ వేస్తే సగం బురదే పైకొస్తోంది. దోనె అతను సంచీ చూసి ఏముందన్నాడు. చెప్పాను.

"ఓహో! ఏనుగు అల్లుడుగారు మీరేనాండీ!" అన్నాడు, ఎంతో గౌరవంగా.

లంకలో దిగేసరికి పొద్దు వాలింది. మామగారు అరుగు మీద వల అల్లుతున్నారు. రత్తాలు గుమ్మంలో నిలబడి ఉంది, ట్రంకు పెట్టె పక్కన. పెట్టె మూత తీసే ఉంది. అంటే బట్టలు పెట్టుకుని, మళ్ళీ తీసేసిందన్నమాట.

"రండి అల్లుడుగారూ. ఆలస్యమైనట్టుంది," అన్నారు మామగారు.

"ఏలూరులో వడగళ్ళండీ. ఊరంతా తెల్లగా..."

ఆయన మబ్బు తునక లేని ఆకాశం వైపు చూశారు. నా వైపు చూశారు. "ఈసారి మామిడిపళ్ళు తెస్తానన్నారు," అన్నారు.

సంచీ ఆయన ముందు బోర్లించాను. తడి ఊక. ఇంకా తడి ఊక. మామగారు ఒక చిటికెడు తీసి వాసన చూసి, "ఊక మంచిదే," అన్నారు.

అయిదు నెలల మాడిన అన్నం కళ్ళముందు కదిలింది. ఇంతలో రత్తాలు వచ్చి ఊకలో చెయ్యి పెట్టి కెలికింది. కెలికి కెలికి, చింతగింజంత వడగల్లు ఒకటి వేళ్ళ మధ్య పట్టుకుంది. రత్తాలు ముఖం వెలిగిపోయింది. వేసవి సాయంత్రం చేతికి చల్లటిది దొరికితే మనిషన్నవాడు ఏం చేస్తాడో అదే చేసింది. నోట్లో వేసుకుంది.

"ఏదమ్మా?" అన్నారు మామగారు.

"నిజంగా వడగల్లే నాన్నా! ఎంత చల్లగా ఉందో!"

"ఏదీ?"

రత్తాలు నోరు తెరిచింది. నాలిక తప్ప ఏమీ లేదు.

మామగారు కూతుర్ని చూశారు, నన్ను చూశారు, వల పక్కన పెట్టారు.

"ఇన్నాళ్ళూ అబద్ధం ఒక్కరే చెప్పేవారు. ఇప్పుడు ఇద్దరూ కలిసి ఒకటే చెబుతున్నారు. ఇంక మిమ్మల్ని విడదియ్యడం పాపం," అని, లోపలికి తిరిగి, అల్లుడుగారికి కాళ్ళు కడుక్కోడానికి నీళ్ళివ్వమన్నారు.

శుక్రవారం ఆడపిల్లని గడప దాటించరు గనక శనివారం పొద్దున బయల్దేరాం. ఏలూరులో వడగళ్ళ జాడే లేదు. రోడ్లు ఎప్పటిలాగే కాలుతున్నాయి, జట్కా గుర్రం ఎప్పటిలాగే నడుస్తోంది. సోడా కొట్టాయన మాత్రం రత్తాలికి ఒక సోడా ఊరికే ఇచ్చి, "మామిడిపళ్ళు బ్రహ్మాండమండీ," అన్నాడు. నా తరవాత ఎవరైనా వడగళ్ళు పడ్డ ఏలూరులో నడవబోతే చెప్పే మాటలు మూడు. చెప్పులు చేత్తో పట్టుకోండి, ఉత్తరీయం ఎవరి చేతికీ ఇవ్వకండి, వడగళ్ళు బస్సులో ఎవరికీ చూపించకండి.

రైలెక్కి కిటికీ పక్కన కూర్చున్నాం. పొలాలు వెనక్కి పోతుంటే రత్తాలు వేళ్ళ మీద ఏదో లెక్క వేసి, నా వైపు తిరిగింది. మా లెక్కల మేష్టారు కూడా నన్ను అలా చూడలేదు.

"ఏవండీ, వడగళ్ళు పడింది రెండింటికి కదూ? మా నాన్న మిమ్మల్ని రమ్మంది పన్నెండింటికి. మరి పొద్దుటి రైలు ఏమైంది?"

నేను కిటికీలోంచి చూశాను. మేఘం లేదు, వాన లేదు, సాయం చేసేది ఏదీ ఆకాశంలో లేదు.

"అదేనే, స్టేషను దగ్గర ఒక ఏనుగు..." అన్నాను.

ఈసారి అది అక్షరాలా నిజమే. రత్తాలు మాత్రం నమ్మలేదు. తాడేపల్లిగూడెం దాకా నవ్వుతూనే ఉంది.