పెట్టెలో దాచిన పిడకలు

చెల్లీ, మరిది దగ్గు తగ్గిందా? మీ అత్త మోకాళ్ల నొప్పులెలా ఉన్నాయి? నీకు నిద్ర పడతన్నాదా?

ఇవాళ నేను పెట్టెలో దాచిన పిడకలు మా కోడలు తీసి నీళ్లపొయ్యిలో పెట్టబోయింది.

"కిరసనాయిలు స్టవ్వు కొన్నాం కదత్తా, ఇవింకెందుకు?" అంది.

"గాలివానొస్తే నూనె దొరకదమ్మా, కర్రలు తడిసిపోతాయి. పెద్ద గాలివానొచ్చిన ఏడు ఉయ్యాల ఇరగ్గొట్టి గంజి కాసినాను."

"మరి పిల్లడ్ని ఎక్కడ పడుకోబెట్టినారు?"

"పిల్లడు ముందు వారమే పోయినాడు. ఉయ్యాల ఖాళీగానే ఉన్నాది."

కోడలికి ఏడో నెల. పిడకలన్నీ తిరిగి పెట్టెలో పేర్చి, అగ్గిపెట్టె ఒకటి గుడ్డలో చుట్టి పైన పెట్టింది. ఆ ఉయ్యాల కర్ర పొగ ఇప్పటికీ నా ముక్కుని వదల్లేదు. కడుపుతో ఉన్న పిల్లకి ఆ మాట చెప్పకుండా ఉండాల్సిందేమో, నువ్వేమంటావో రాయి.

వచ్చే ఆదివారం వస్తన్నాను. నీకూ ఓ తట్ట పిడకలు తెస్తాను, వద్దనకు.