‘నాది’ అనేదాకా వదలని మనిషి

మా చెల్లెలి చేతిలోంచి మంచినీళ్ళ గ్లాసు అందుకోవాలంటే “నాది” అనాలి. అనకపోతే వదలదు. మీరు ఇటు లాగుతుంటారు, ఆవిడ అటు పట్టుకుని మీ మొహంలోకి చూస్తూ నిలబడుతుంది. కొత్తగా వచ్చినవాళ్ళు, ఇదేం పిసినారితనం, నీళ్ళు కూడా ఇవ్వబుద్ధి కాదా అనుకుంటారు. ఒకసారి పక్కింటివాళ్ళ పసిబిడ్డను కాసేపు ఆడించి, తిరిగి ఇవ్వబోతూ అలాగే పట్టుకుని నిలబడింది. ఆ తల్లి చూసి చూసి, “నాదేనమ్మా, ఇంకెవరిదనుకున్నావు?” అంది. వెంటనే వదిలేసింది. కావలసిన మాట వచ్చేసింది మరి.

మా చెల్లెలు చేసేది విమానాలకు దారి చెప్పే ఉద్యోగం. నడిపే ఉద్యోగం కాదు. ఈ సంగతి చుట్టాలకు చెప్పీ చెప్పీ నా నోరు పడిపోయింది. వినేదాకా విని, “అయితే టిక్కెట్టు తక్కువలో ఇప్పిస్తుందా?” అంటారు. నాకు చదువు రెండో తరగతితో సరి. అందుకే, నాకు అర్థమయ్యేలా చెప్పగలిగితేనే నీ పని నీకు వచ్చినట్టు అని చెల్లెలితో అంటూ ఉంటాను. అలా చెప్పించుకున్నదే ఇక్కడ చెబుతున్నాను.

ఆకాశాన్ని ఇళ్ళస్థలాల్లా ముక్కలు చేసిపెట్టారట. ఒక్కో ముక్కకు ఒక్కో కుర్చీ. ఒక్కో విమానానికి వేలెడు వెడల్పు కాగితపు చీటీ. ఎక్కణ్ణుంచి వస్తోంది, ఎక్కడికి పోతోంది, ఎంత ఎత్తులో ఉంది, అంతా దానిమీద రాసి, ప్లాస్టిక్ పట్టీలో దూర్చి ఎదురుగా పేర్చుకుంటారు. విమానం మన ముక్క అంచుకు వచ్చినప్పుడు ఆ చీటీ తీసి పక్క కుర్చీకి చాపాలి. పక్కవాళ్ళు అందుకుని “నాది” అనాలి. అప్పుడు మనం పైనున్న పైలట్‌తో, ఇకమీదట ఫలానా చానల్‌లో వాళ్ళ మాట విను అని చెప్పి పంపించాలి. ఆ “నాది” వినపడేదాకా విమానం మనదే.

మిగతావాళ్ళు ఈ మాట పట్టింపు లేకుండా చీటీ పక్కబల్ల మీద పడేసి పోతుండేవాళ్ళు. మా చెల్లెలు కూడా చేరిన కొత్తలో అలాగే పడేసింది ఒకటి. అది జారి బల్ల వెనకాల పడింది. ఈవిడ ఇచ్చేశాననుకుంది, పక్కవాళ్ళకు వచ్చిందనే తెలియదు. కాసేపు ఆ విమానం ఎవరిదీ కాదు. అంతలో ఎవరో తెరమీద చూసి అరిచారు కాబట్టి ఏమీ కాలేదు. ఆ మధ్యాహ్నం ఇంటికొస్తే నేను మంచినీళ్ళిచ్చాను. ఎటో చూస్తూ గ్లాసంతా ఒంటిమీద పోసుకుంది. ఆ మర్నాటినుంచి మొదలైంది ఇంట్లో ఈ “నాది”. ఉప్పుగిన్నెకు నాది, కత్తెరకు నాది, ఆఖరికి తువ్వాలుకు కూడా.

పక్క కుర్చీ ఆయన్ని అక్కడంతా మూలుగుడు మాస్టారంటారు. కూర్చుంటే మూలుగు, లేస్తే మూలుగు, ఎండకు మూలుగు, ఏసీకి మూలుగు. “నాది” అన్నా వీపుమీద ఎవరో బస్తా పెట్టినట్టే అంటాడట. ఇన్నేళ్ళూ ఆ మూలుగు వినపడితేగాని మా చెల్లెలు ఊపిరి వదల్లేదు.

ఇలా ఉండగా దేశం మొత్తానికి కొత్త పద్ధతి వస్తుందన్నారు. రావద్దని నేనను. పాత యంత్రాలకు సామాను దొరక్క, చచ్చినదాని భాగాలు పీకి బతికున్నదానికి తగిలించేవాళ్ళట. వేడెక్కిపోతుందని బీరువా అంత మిషను ముందు టేబుల్ ఫ్యాను పెట్టేవాళ్ళు. ఈ మూల కంట్రోలు గదికి ఆ మూల కంట్రోలు గదితో మాట్లాడాలంటే ఫోనే గతి. ఎన్నాళ్ళని నెట్టుకొస్తారు? కానీ వచ్చేదేదో ఒకసారి వస్తే బాగుండేది. వచ్చే ఏడు, వచ్చే ఏడు అంటూ ఏళ్ళు గడిపారు. అద్దాల బిల్డింగు ముందు లేచింది. తరవాత కుర్చీలొచ్చాయి, తెరలు రాలేదు. తెరలొచ్చాక ప్రోగ్రాము తయారవలేదు. అదీ వచ్చాక, పాతది ఉన్నపళంగా ఆపితే ప్రమాదమని రెండూ కలిపి నడిపించారు. చీటీమీద రాయాలి, తెరమీదా నొక్కాలి. ఇద్దరు అత్తలున్న కోడలి బతుకయింది. సాయంత్రానికి ఇంటికొచ్చి మెడలో ఐడీకార్డుతోనే సోఫాలో పడి నిద్రపోయేది. కార్డు తీద్దామని చెయ్యి వేస్తే, కళ్ళు మూసుకునే “నాది” అనేది.

కొత్తదాంట్లో చీటీ లేదు. తెరమీద విమానం పేరు నొక్కితే ఇస్తున్నట్టు, పక్కవాళ్ళు నొక్కితే తీసుకున్నట్టు. ఆ పేరు తెలుపు పోయి పసుపు అవుతుంది. అంతే. చేతులు చాపడం లేదు, మాట లేదు. గదంతా నిశ్శబ్దం. “చావింట్లో కూడా ఇంతకంటే సందడిగా ఉంటుంది” అనేవాడట మాస్టారు.

అందరూ ఉత్తుత్తి విమానాలతో పరీక్ష పాసవ్వాలన్నారు. రెండే అవకాశాలు. రెండూ తప్పితే ఆ గదిలోకి మళ్ళీ అడుగుపెట్టే పని లేదు. మాస్టారు రెండూ తప్పాడు. ఆయన్ని కింద తాళాల గదిలో వేశారు. అలమరా తాళం కావలసినవాళ్ళు వస్తే తీసిస్తాడు. “తాళం తీసుకునేవాడు ‘నాది’ అనడమ్మా, థాంక్స్ అంటాడు” అని చెల్లెలికి ఫోన్లో చెప్పుకుని మూలిగాడు.

తన మొదటి పరీక్ష అయిన రోజు మధ్యాహ్నం మా చెల్లెలు ఇంటికొచ్చి, చెప్పులు కూడా విప్పకుండా వంటింటి గుమ్మంలో చతికిలబడింది.

“పోయిందక్కా.”

“ఏం పోయింది, పర్సా?”

“పరీక్ష.”

పొయ్యి కట్టేశాను. “ఏం చేశావు?”

“ఏమీ చెయ్యలేదు. అదే తప్పు.”

విమానం అంచుకొచ్చింది. ఇస్తున్నానని నొక్కింది. పక్క కుర్చీలో కుర్రాడు తీసుకున్నానని నొక్కేశాడు. పసుపు రంగు వచ్చింది. ఈవిడ మాత్రం ఆ మాటకోసం చెవి పెట్టుకుని కూర్చుంది. మాట రాలేదు కాబట్టి పైలట్‌ను ఆ చానల్‌కు పంపించలేదు. అవతల కుర్రాడు పిలుస్తుంటే విమానం పలకదు. పెత్తనం అక్కడ, పైలట్ చెవి ఇక్కడ. అంతలో ఎదురుగా ఇంకొకటి వచ్చేసింది. పరీక్ష పెట్టే కళ్ళజోడాయన అంతా ఆపేసి, “మేడమ్, ఎవరికోసం చూస్తున్నారు?” అని అడిగాడట.

“వాడి మొహంకేసి చూస్తున్నానక్కా. వాడు నావైపు తిరగనైనా తిరగలేదు.”

“పొగరా?”

“కాదు. అక్కడ పద్ధతే అది.”

మా మరిది, అంటే చెల్లెలి మొగుడు, ఊళ్ళో బస్సు నడుపుతాడు. డ్యూటీ దిగివచ్చి సంగతి విని, “ఇంకోటుందిగా. అదీ పోతే మాస్టారి పక్కనే కుర్చీ వేస్తారు, మళ్ళీ ఇద్దరూ పక్కపక్కన” అన్నాడు. ఎవరమూ నవ్వలేదు. తనూ నవ్వలేదు. ఆ కుర్చీ తప్ప మా చెల్లెలు తనకంటూ అడిగిందేమీ లేదని మా ఇంట్లో అందరికీ తెలుసు. నగ అడగలేదు, ఊరు చూపించమని అడగలేదు. తెల్లారి ఆ కుర్చీలో కూర్చోవాలి, అంతే.

మర్నాటినుంచి ఇంట్లో “నాది” అనకూడదని మరిది హుకుం జారీ చేశాడు. అది ఇంకో నరకం. నేను గ్లాసు పట్టుకుని పెదాలు బిగబట్టేదాన్ని. ఆవిడ వదలదు. ఇద్దరం గ్లాసుకు చెరోవైపు, ఫొటో దిగుతున్నట్టు. ఒకపూట మరిది కంచం దగ్గరా అదే తంతు.

“వదలవే, ఆకలేస్తోంది.”

“మాట్లాడకూడదన్నావు.”

“ఆ మాట అనకూడదన్నాను. ఆకలేస్తోందని అనకూడదని ఎవరన్నారు?”

ఆదివారం మాస్టారు వచ్చాడు. తనకు రాని పరీక్షకు తను నేర్పిస్తానన్నాడు, ఆయన ధైర్యం అది. సీసామూతలు తెప్పించి భోజనాల బల్లమీద పరిచాడు. బల్ల ఎడమ సగం చెల్లెలి ఆకాశం, కుడి సగం నాది. రంగువైపు పైకుంటే ఆవిడ విమానం, నేను వెండివైపుకి తిప్పితే నాకు వచ్చేసినట్టు. పైలట్లందరూ మా మరిదే. నేను చెయ్యవలసింది నోరు మూసుకుని మూత తిప్పడం.

“అసలు పరీక్ష అక్కగారిది” అని మూలిగాడు మాస్టారు.

“నువ్వు మూలగడం ఆపు మాస్టారూ, నేను నోరు మూస్తాను” అన్నాను.

మరిది మొదలుపెట్టాడు. “హలో కంట్రోలూ, బండి ఫుల్లుగా ఉంది, ముందు స్టాపులో దిగేవాళ్ళున్నారు.”

“సరిగ్గా మాట్లాడతావా, లేచి వెళ్ళిపోనా?” అంది చెల్లెలు.

మూత నా అంచుకొచ్చింది. తిప్పాను. చెల్లెలు మూతను చూసింది. చూసి, వెంటనే నా నోటికేసి చూసింది. ఆ చూపులోనే అవతలినుంచి రెండో మూత వచ్చి తగిలింది. “గుద్దేశాం” అన్నాడు మరిది. మళ్ళీ ఆడాం. మళ్ళీ నా నోటికేసే. నాలుగైదుసార్లయ్యాక “గుద్దేశాం” అనడానికి కూడా మరిదికి ఓపిక లేక, రెండు మూతలూ ఒకదానిమీద ఒకటి పెట్టి ఊరుకున్నాడు.

చెల్లెలు మూతలన్నీ ఊడ్చి గిన్నెలో పోసింది. “మాట లేకుండా ఇచ్చేశానని ఎలా అనుకోమంటారు? రంగు మారితే మనిషి చూసినట్టా? పొరపాటున వేలు తగిలినా మారుతుంది రంగు. ఇన్నేళ్ళూ మాస్టారు ‘నాది’ అంటేనే వదిలాను. ఆ మాట వెనకాల మనిషున్నాడు.”

మాస్టారు మూలగలేదు. నాకు ముందు అదే వింతగా అనిపించింది. బల్లమీద పడిపోయిన ఒక మూతను అటూ ఇటూ తిప్పుతూ, “తల్లీ, ఒకటి చెప్తాను, తిట్టకు” అన్నాడు.

“చెప్పండి.”

“నువ్వు చీటీ చాపేదానివి. నేను ‘నాది’ అనేవాణ్ణి. సగంసార్లు చీటీ చూసేవాణ్ణి కాదు. వేళ్ళకు తగిలితే చాలు, నోట్లోంచి మాట దానంతటదే వచ్చేసేది. నిద్దట్లో దుప్పటి లాక్కున్నట్టు. నువ్వు అటు తిరిగాక తీరిగ్గా చదువుకునేవాణ్ణి.”

“తీరిగ్గా అంటే?”

“చేతిలో పని అయ్యాక.”

మరిది కుర్చీ వెనక్కి జరుపుకున్నాడు, లేవలేదు. వంటింట్లో కుళాయి చుక్కలు చుక్కలుగా కారుతోంది. చెల్లెలు లేచి వెళ్ళి అది బిగించి, చేతులు మాసిపోకపోయినా కడుక్కుని, కొంగుకు తుడుచుకుంటూ వచ్చి కూర్చుంది.

“పెట్టండి, ఇంకోసారి” అంది.

ఈసారి నా నోటికేసి చూడలేదు. మూతకేసి చూసింది. నేను తిప్పడమే ఆలస్యం, మరిదిని నా చానల్‌కు పంపించేసి రెండోదాని పనిలో పడింది. ఆ తరవాత ఇంకోటి. టీ పెట్టేదాకా ఒక్కటీ గుద్దుకోలేదు. మరిది మురిసిపోయాడు. “చూశావా వదినా, ఎంత తేలికో” అన్నాడు. తేలికే. బేరం లేక కొట్టు కట్టేసేవాళ్ళకు కూడా తలుపు వెయ్యడం తేలికే. చెల్లెలి గొంతు అలా ఉంది.

వెళ్ళేముందు మాస్టారు గుమ్మంలో ఆగాడు. “కోపమా తల్లీ?”

“కోపం కాదు మాస్టారూ. అలసట.”

ఆయన చెప్పులు వేసుకోవడానికి వంగి మామూలుగా మూలిగాడు. నాకు కొంచెం ప్రాణం కుదుటపడింది.

రెండో పరీక్ష పాసయింది. ఫోన్ చేసి “అయింది” అంది.

“పాసా?”

“ఆ.”

“ఆ చెప్పేదేదో సంతోషంగా చెప్పచ్చుగా.”

“సంతోషమే అక్కా. బస్సు దొరికితే వచ్చేస్తాను.”

కొన్నాళ్ళకు ఒక ఉదయం పాత గది ఆపేశారు. పెద్దవాళ్ళొచ్చి కొత్త గదికి రిబ్బను కత్తిరించి, ఫొటోలు దిగి వెళ్ళారు. చీటీలు దూర్చే ప్లాస్టిక్ పట్టీలన్నీ అట్టపెట్టెల్లో పోసి వరండాలో పెట్టారట, కావలసినవాళ్ళు జ్ఞాపకంగా పట్టుకెళ్ళచ్చని. మాస్టారు తాళాల గదిలోంచి పైకొచ్చి సంచీడు పట్టుకుపోయాడు, వంటింటి డబ్బాలకు పేర్లు రాసి అంటించుకుంటాడట. మా చెల్లెలు ఉత్తచేతులతో వచ్చింది.

“ఒక్కటైనా తెచ్చుకోలేకపోయావా?” అన్నాడు మరిది.

“తెచ్చి ఎవరికివ్వను?” అంది.

ఆ మధ్యాహ్నం నాకు మాత్ర వేసుకునే వేళయిందని తనే గ్లాసుతో నీళ్ళు తెచ్చింది. అందుకుంటుంటే అలవాటు చొప్పున నా నోట్లోంచి “నాది” వచ్చింది. అప్పటికే వదిలేసింది. మొహంకేసి చూడలేదు, నా వేళ్ళకేసి చూసింది. వేళ్ళు గ్లాసు చుట్టూ బిగిశాయా లేదా అని.

“చూశాన్లే అక్కా” అని వెళ్ళి పడుకుంది.

ఇప్పుడు అందరితోనూ అంతే. వేళ్ళు చూస్తుంది, వదిలేస్తుంది. ఇంతవరకూ ఏదీ కిందపడలేదు. పని కూడా త్వరగా తెములుతోంది, లేదనను. కొత్తగా వచ్చినవాళ్ళు ఇదివరకటిలా వింతపడటం లేదు. పక్కింటి పిల్లను తిరిగి ఇచ్చేటప్పుడు కూడా తల్లి మోచెయ్యి చూసి వదిలేస్తుంది. ఆ తల్లికే ఏదో వెలితిగా ఉన్నట్టుంది, “నాదే, నాదే” అని తనే అంటూ తీసుకుపోతుంది.

నేను కూడా మానలేదు. ఆవిడ విన్నా వినకపోయినా, గ్లాసు అందుకున్నప్పుడల్లా “నాది” అంటాను. ముందు గ్లాసులోకి చూసుకుని మరీ అంటాను, మాస్టారిలా కాదు.